పచ్చకామెర్లకు ప్రజాదరణ

ఆ ప్రశ్న నేను అడగకుండా ఉండాల్సింది. ఇరవై రెండేళ్లుగా ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతున్నవాణ్ణి. సర్క్యులర్ వస్తే చదివి, సంతకం పెట్టి, పక్కవాడికి అందించాలన్న ఇంగితం నాకు ఎప్పుడో వచ్చి ఉండాలి. ఆ రోజు నోటి దురద ఆపుకోలేకపోయాను. దానివల్ల మా గుండ్లవారిపాలెం కాలేజీలో ఏం జరిగిందో ఉన్నదున్నట్టు చెబుతాను. నన్ను తిట్టుకోవాలనిపిస్తే చివర్లో తిట్టుకోండి, మధ్యలో ఆపకండి.

అసలు ఉత్తర్వు పైనుంచి ఇంగ్లీషులో వచ్చిందట. ఆఖరి సంవత్సరం విద్యార్థులంతా పాపులర్ సైన్స్, ఆరోగ్యం, టెక్నాలజీ వీటిలో ఏదో ఒక అంశం తీసుకుని చిన్న పరిశోధన చేయాలి, అది పాసైతేనే డిగ్రీ. నలుగురికీ అర్థమయ్యే సైన్స్ ఏదైనా చేయమని దాని భావం. ఇందులో వంక పెట్టడానికేమీ లేదు. కానీ ఆ కాగితం మా ప్రాంతీయ కార్యాలయానికి చేరేసరికి అక్కడ తెలుగు భాషా వారోత్సవాలు జరుగుతున్నాయి. ఆ వారం రోజులూ ఏ కాగితమైనా తెలుగులోనే బయటికి పోవాలని నియమం. అనువాదం చేసినాయన ఎవరోగానీ ‘పాపులర్’ అన్న మాట దగ్గర కాసేపు ఆగి ఉంటాడు. గోడమీది సినిమా పోస్టరేదో కళ్లబడి ఉంటుంది. ‘ప్రజాదరణ పొందిన విజ్ఞాన, ఆరోగ్య, సాంకేతిక అంశములు’ అని రాసి చేతులు దులుపుకున్నాడు.

మా ప్రిన్సిపాల్ పరాంకుశంగారు స్టాఫ్ మీటింగులో దాన్ని చదివి వినిపించారు. ఆయన ఏ సర్క్యులర్నైనా నిలబడే చదువుతారు. చదవడం అయిపోయాక నేను చెయ్యెత్తాను.

“సార్, ప్రజాదరణ అంటే ఎంతమంది ఆదరించాలి?”

అందరూ నవ్వారు. నవ్వుతారనే నేను అడిగింది. పరాంకుశంగారు మాత్రం నవ్వలేదు.

“చాలా మంచి సందేహం చెంచురామయ్యగారూ. రాతపూర్వకంగా ఇవ్వండి, పైకి పంపిద్దాం.”

అక్కడైనా తప్పించుకుని ఉండొచ్చు. కానీ అందరి ముందూ లేచి అడిగినవాణ్ణి, వెనక్కి తగ్గితే బాగుండదని రాసిచ్చాను. రాసిచ్చిన సందేహానికి ఆఫీసు జవాబివ్వకుండా ఉండలేదు. జవాబంటే అందులో ఒక అంకె ఉండాలి. పన్నెండు రోజులకు వచ్చింది.

“తమరి సందేహము మిక్కిలి సహేతుకమైనది. ఏదేని అంశము ప్రజాదరణ పొందినదిగా పరిగణించుటకు కనీసము యాభై మంది ప్రజలు దానిని ఆదరించి ఉండవలెను. సదరు ఆదరణను అనుబంధము-3 నందలి ఆదరణ పత్రముపై సంతకము లేదా వేలిముద్ర ద్వారా ధ్రువపరచవలెను. విద్యార్థులు ప్రజల కిందకు రారు. ఆదరణ లేని అంశములపై ఎట్టి పరిశోధనయు చేయరాదు. సదరు అంశముల నిమిత్తము ప్రయోగశాల తాళము తీయరాదు.”

కింద ఇంకో పేరా ఉంది. అంశాల జనాదరణను తేల్చడానికి ‘పరిశోధనాంశాల ప్రజాదరణ నిర్ధారణ సంఘం’ ఏర్పాటైంది. అధ్యక్షులు ప్రాంతీయ కార్యాలయం నుంచి డాక్టర్ విశ్వంభరంగారు. మా కాలేజీ తరఫున కన్వీనరు, ఈ సందేహాన్ని ముందుగా గుర్తించిన అధ్యాపకుడు. అంటే నేనే.

మర్నాటినుంచీ మా పిల్లలు ఆదరణ పత్రాలు పట్టుకుని ఊరిమీద పడ్డారు. పత్రంలో ఉన్న వాక్యం ఇదీ: ‘పై అంశమును నేను చదివి, గ్రహించి, మనస్ఫూర్తిగా ఆదరించుచున్నాను.’ 

గురుత్వాకర్షణ తీసుకున్న కుర్రాడు బస్టాండులో మూడు రోజులు నిలబడ్డాడు. “అది ఎప్పుడూ ఉండేదేగా, ఇప్పుడు కొత్తగా ఆదరించేదేంది?” అని కండక్టర్లు వాడిని తిప్పి పంపారు. కాంతి వక్రీభవనానికి నాలుగు సంతకాలే వచ్చాయి, నాలుగిటికీ ఇంటిపేరు ఒకటే. కృత్రిమ మేధకు మాత్రం టీకొట్టు దగ్గరే అరవై వచ్చాయి. టీకొట్టు ఆయన రెండుసార్లు పెట్టాడు, మంచిదంటున్నారు గదా అని. చర్మకాంతికి బీట్‌రూటు, కొర్రన్నంతో బరువు తగ్గడం, ఫోన్ బ్యాటరీ ఎందుకు తొందరగా అయిపోతుంది, వీటికి కూడా జనం బాగానే ఎగబడ్డారు. అన్నిటి మీదా గెలిచింది ‘జుట్టు రాలుట’. రెండు వందల పన్నెండు సంతకాలు. అందులో మా ప్రిన్సిపాల్‌ది మొదటిది, నాది తొమ్మిదోది.

వారం తిరిగేసరికి గురుత్వాకర్షణ, వక్రీభవనం, ఇంకా న్యూటన్‌కు సంబంధించినవన్నీ కాలేజీలో అంతరించిపోయాయి. పద్దెనిమిది మంది జుట్టు రాలడం మీదికి మారారు. నేను కన్వీనర్ని కాబట్టి ‘అంశాల ఎంపికలో విద్యార్థుల ఉత్సాహం ప్రశంసనీయం’ అని నివేదిక పంపాను.

అప్పుడు వచ్చింది మాలకొండమ్మ. బీఎస్సీ ఆఖరి సంవత్సరం, మహిళా హాస్టల్లో ఉంటుంది. క్లాసులో మూడో బెంచీలో కూర్చుని, నేను బోర్డు మీద తప్పు రాస్తే చెయ్యెత్తకుండా దగ్గితే చాలు నాకర్థమయ్యేది. అలాంటి పిల్ల.

“సార్, మా హాస్టల్లో తాగే నీళ్లు వాసనొస్తుండయి. ముగ్గురికి పచ్చకామెర్లొచ్చినయ్. నా రూములో రూతుకి బాగా ఎక్కువై ఒంగోలు తీసకపోయారు. పచ్చకామెర్లు ఈ నీళ్ల వల్లేనా అని ప్రాజెక్టు చేస్తా సార్.”

“చెయ్యమ్మా. మంచి అంశం.”

“లాబ్‌లో మీరు చూపించారే సార్, చిన్న సీసాలు. మురుగు కలిసిన నీళ్లు పోసి మూత పెడితే రెండ్రోజులకి నల్లబడేయి. అయి ఓ పదుంటే చాలు.”

ఉన్నాయి. డబ్బా నిండా ఉన్నాయి. “ముందు యాభై సంతకాలు తీసుకురా” అన్నాను.

ఆమె వెళ్లింది. వెళ్లి, బజార్లో బట్టలకొట్టు ఆయన ముందు పత్రం పెట్టిందట. ఆయన కళ్లజోడు పెట్టుకుని పైకి చదివాడు. “పచ్చకామెర్లను మనస్ఫూర్తిగా ఆదరించుచున్నాను... ఏంది తల్లీ, నీకేమన్నా మతిపోయిందా? మా బావమరిది దాంతోనే పోయాడు.”

“ఆదరించడమంటే ఇష్టపడమని కాదు బాబాయ్. దాని సంగతి తేల్చమని.”

“మరి మనస్ఫూర్తిగా అని రాసుందేంది?”

ఆమె పత్రం మడిచి పక్క కొట్టుకు పోయింది. పది రోజులు తిరిగితే మూడు సంతకాలు వచ్చాయి. ఒకటి హాస్టల్ వంటామెది, ఒకటి ప్లంబర్ ఖాజాది, మూడోది చదవడం రాని ముసలాయన వేలిముద్ర. ఈలోగా హాస్టల్లో కామెర్లు ఎనిమిది మందికి పాకాయి.

నీళ్లు కాచి తాగొచ్చుగదా అని మీరనుకుంటారు. మేమూ అనుకున్నాం. నూట ఎనభై మందికి రోజూ నీళ్లు కాయాలంటే హాస్టల్‌కి అదనంగా గ్యాస్ బండలు కావాలి. నీళ్లు చెడ్డవని రుజువుంటేనే బండలిస్తామని వార్డెన్ ఆఫీసు అంది. రుజువు కావాలంటే లాబ్ తియ్యాలి. లాబ్ తియ్యాలంటే అంశానికి ఆమోదం రావాలి. ఊళ్లో నీటి శాఖ వాళ్లను అడిగితే కాలేజీ నుంచి ఉత్తరం తెమ్మన్నారు. ఉత్తరం ఇవ్వడానికి ప్రిన్సిపాల్‌గారు, అంశం సంఘం పరిశీలనలో ఉండగా బయటి సంస్థల్ని కదిలించడం మర్యాద కాదన్నారు.

జనవరి ఆఖర్లో సంఘం సమావేశమైంది. డాక్టర్ విశ్వంభరంగారు కారు దిగి, దండ వేయించుకుని, మెత్తటి కుర్చీలో కూర్చున్నారు. ఆయన ఏ సబ్జెక్టులో డాక్టరో ఎవరికీ తెలియదు. నాకూ అడగాలనిపించలేదు. మా పద్దెనిమిది జుట్టు రాలుటలనూ ఒక్క సంతకంతో ఆమోదించాక మాలకొండమ్మను పిలిచారు.

“మౌలికంగా చూసినట్లయితే అమ్మాయీ, మీ అంశానికి ఆదరణ మూడు. జుట్టు రాలుటకు రెండు వందల పన్నెండు. ప్రజలు ఏం కోరుకుంటున్నారో ఇందులో స్పష్టమవుతోంది.”

“జుట్టు ఊడితే మనుషులు చావరు గదా సార్.”

“ప్రజల అభిరుచిని అలా కించపరచకూడదు.”

“అది కాదు సార్. సంతకాలు లేకపోతే ఏంది, రోగం వచ్చినోళ్లు ఎనిమిదిమంది ఉండారు. వాళ్లను లెక్కలోకి తీసుకోరా?”

ఈ పిల్ల కూడా ప్రశ్న అడిగేసింది. టేబుల్ కింద నుంచి చెయ్యి ఊపాను, చూడలేదు. విశ్వంభరంగారి మొహం వికసించింది. పక్కనున్న గుమాస్తాను రాసుకోమన్నారు.

“చాలా మౌలికమైన సందేహం. ఒక వ్యాధి ఒక వ్యక్తికి సోకిందంటే, ఆ వ్యక్తి దాన్ని స్వీకరించినట్లే గదా. స్వీకరించడం ఆదరణలో ఒక భాగం గదా. కనుక వ్యాధుల విషయంలో సంతకానికి బదులు సోకినవారి సంఖ్యనే ఆదరణగా పరిగణించవచ్చు. ప్రభుత్వాసుపత్రి రక్త పరీక్ష పత్రం జతచేయాలి. ఎనిమిది ఉన్నాయన్నారు. ఇంకా నలభై రెండు కావాలి. ప్రయత్నించండి.”

“ప్రయత్నించడమేంది సార్?” అంది మాలకొండమ్మ.

“నిరుత్సాహపడకండి. మంచి అంశాలకు ఆదరణ నెమ్మదిగానే వస్తుంది.”

బయటికొచ్చాక వరండాలో నా వెంటపడింది. “సార్, ఒక్క సీసా ఇయ్యండి. ఒక్కటే. ఎవురికీ చెప్పను.”

లాబ్ తాళంచెవి నా చొక్కా జేబులోనే ఉంది. నడుస్తుంటే పెన్నుకు తగిలి చప్పుడు కూడా చేస్తోంది. “రూలు ఒప్పుకోదమ్మా” అన్నాను. ఆమె నా జేబు వైపు చూసింది, మళ్లీ నా మొహం చూడలేదు. ఇప్పటికీ ఆ చూపు తలుచుకుంటే నాకు సిగ్గేస్తుంది.

ఫిబ్రవరిలో ఆదరణ పెరిగింది. పద్నాలుగు, ఇరవై ఒకటి, ముప్ఫై నాలుగు. పరాంకుశంగారికి మెల్లగా ఆసక్తి కలిగింది. పక్క ఊరి కాలేజీలో ఎవరో డెంగీ అంశం తీసుకున్నారని, వాళ్లది ఇరవై ఆరు దగ్గరే ఆగిపోయిందని ఆయనకు ఎవరో చెప్పారు. నోటీసు బోర్డు పక్కన ‘పచ్చకామెర్లు: నేటి ప్రగతి’ అని ఒక పలక పెట్టించి, అటెండర్ మస్తాన్ చేత రోజూ అంకె మార్పించారు. హాస్టల్ పిల్లలు క్లాసుకొస్తూ ఆ అంకె చూసి, గోళ్లు, కళ్లు తడుముకుని పోయేవాళ్లు.

ముప్ఫై నాలుగు దగ్గర పెద్ద దెబ్బ తగిలింది. మా వైపు కామెర్లొస్తే ముందు ఆసుపత్రికి పోరు. తూర్పుపాలెంలో పసరు పోసే ఇల్లొకటుంది. ఆదివారం, గురువారం పొద్దున్నే పరగడుపున పసరు పోసి, ఉప్పులేని అన్నం, మజ్జిగ పథ్యం చెప్పి పంపిస్తారు. సగం మంది పిల్లల్ని వాళ్ల ఇళ్లవాళ్లు నేరుగా అక్కడికే తీసుకుపోయారు. పసరు పోసేవాళ్లు సర్టిఫికెట్ ఇవ్వరు. సంఘం నుంచి వెంటనే మూడో వివరణ వచ్చింది.

“పసరు సేవించినవారిని పరిగణించరాదు. రక్త పరీక్ష లేని కామెర్లు వ్యక్తిగత విశ్వాసము కిందకు వచ్చును గాని ఆదరణ కిందకు రాదు.”

మస్తాన్ పలక మీద ముప్ఫై నాలుగు చెరిపి పంతొమ్మిది రాశాడు. పరాంకుశంగారు ఆ పూట భోజనం చేయలేదు.

మాలకొండమ్మ దాన్ని కూడా తట్టుకుంది. ఏ పిల్లకైనా అన్నం సయించడం లేదని తెలిస్తే చాలు, రూముకు పోయి కూర్చునేది. “పసరుకే పోదువులే అక్కా, ముందు రక్తమిచ్చి పో” అని బతిమాలి, తానే బస్సెక్కించి ఆసుపత్రికి తీసుకుపోయేది. వాంతి చేసుకుంటున్నవాళ్లను ఒళ్లో పడుకోబెట్టుకుని క్యూలో కూర్చునేది. ఆసుపత్రిలో లాబ్ ఆయన, ఈమె కనబడగానే “ఇయ్యాల ఎంతమంది తల్లీ?” అని సూదులు బయటికి తీసేవాడట. వాళ్ల అమ్మ ఊరినుంచి ఫోన్ చేసి ఇంటికొచ్చెయ్యమని ఏడిస్తే, డిగ్రీ లేకుండా వచ్చి ఏం చెయ్యమంటావని అడిగిందట. జూన్‌లో ఎమ్మెస్సీ కౌన్సెలింగు. ఈ ప్రాజెక్టు పాస్ కాకపోతే ఆమెకు సీటూ లేదు, పట్టా కూడా లేదు. ఆ సంగతి ఊళ్లో అందరికీ తెలుసు.

మార్చి రెండో వారానికి నలభై తొమ్మిది. అక్కడ ఆగిపోయింది. మిగిలిన పిల్లలు భయపడి ఇళ్లకు పోయారు. హాస్టల్ దాదాపు ఖాళీ అయింది. ఇక ఆదరణ ఇవ్వడానికి మనుషులే లేరు.

అప్పుడే పరాంకుశంగారు గదిలో కూడా నల్ల కళ్లజోడు పెట్టుకుని కూర్చోవడం నేను గమనించాను. హాస్టల్‌కీ, మా స్టాఫ్ రూముకీ నీళ్లు ఒకే టాంకు నుంచి వస్తాయి. గురువారం సెలవు కావాలని ఆయన ఎవరితోనో ఫోన్లో చెబుతుంటే విన్నాను. గురువారమంటే పసరు. మాలకొండమ్మకు చెప్పకుండా ఉండలేకపోయాను. ఇద్దరం కలిసి గదిలోకి వెళ్లాం.

“సార్, మీరొక్కరు రక్తమిస్తే చాలు సార్. యాభై అవుతది.”

“నా అనారోగ్యం వ్యక్తిగతం” అన్నారు పరాంకుశంగారు గోడకేసి చూస్తూ.

“సార్, వ్యాధి అంశానికి ఆమోదం వస్తే ప్రాంతం మొత్తమ్మీద మన కాలేజీయే మొదటిదవుతుంది” అన్నాను నేను.

ఆయన నావైపు తిరిగారు. “పేపర్లో వస్తుందంటారా?”

“ఫోటోతో సహా వస్తుంది సార్.”

కళ్లజోడు తీశారు. కళ్లు పసుపు ముద్దల్లా ఉన్నాయి. “సంస్థ కోసం ఆమాత్రం త్యాగం చెయ్యకపోతే ఎలా” అని లేచి, మాలకొండమ్మ వెనకాల బస్సెక్కి ఆసుపత్రికి వెళ్లారు. మర్నాడు మస్తాన్ పలక మీద యాభై అని రాసి, దాని చుట్టూ బంతిపూలు గుచ్చాడు. పచ్చకామెర్లు ప్రజాదరణ పొందినట్టు ధ్రువీకరించడమైనదని, విద్యార్థిని కృషి ఇతరులకు ఆదర్శమని సంఘం నుంచి ఉత్తరం వచ్చింది.

ఆ మధ్యాహ్నమే లాబ్ తాళం తీశాను. మాలకొండమ్మ పదకొండు సీసాలు తీసుకుంది. పది హాస్టల్ కుళాయిల నుంచి, ఒకటి బోరు దగ్గర నుంచి. రెండో రోజుకు పది సీసాలూ నల్లబడ్డాయి. బోరు సీసా ఒక్కటి తేటగా ఉంది. అంటే నీళ్లు దారిలో ఎక్కడో చెడుతున్నాయి. ఖాజాను వెంటబెట్టుకుని ఆమె బోరు నుంచి పైపు వెంబడే నడిచింది. బాత్‌రూముల వెనక పైపు మురుగుకాల్వలో మునిగి పోతోంది, అక్కడ అతుకు ఊడి ఉంది. ఖాజా దాన్ని చూసి “ఇదా మేడం? అరపూట పని” అన్నాడు. మూడు గంటల్లో కాల్వ పైనుంచి కొత్త పైపు వేసి, టాంకు కడిగి, బ్లీచింగ్ వేసి పోయాడు. ఆ అరపూట పని కోసం మేం రెండు నెలలకు పైగా ఆగాం. రూతుకు ఆ ఏడాది చదువు పోయింది. ఈ మాట రాస్తుంటే నా మీద నాకే అసహ్యం వేస్తోంది.

ఆ తర్వాత కూడా కొన్నాళ్లు ఒకరిద్దరికి వచ్చింది. ఏప్రిల్ దాటాక ఎవరికీ రాలేదు. పిల్లలు తిరిగొచ్చారు. మాలకొండమ్మ నలభై పేజీలు రాసింది, చేత్తో పైపుల పటం వేసింది, సీసాల ఫోటోలు అంటించింది. ఇన్నేళ్లలో నా చేతికి వచ్చిన ప్రాజెక్టుల్లో చదవదగ్గది అదొక్కటే.

మే మూడో వారంలో మౌఖిక పరీక్ష. విశ్వంభరంగారు మధ్యలో, పరాంకుశంగారు ఒక పక్క, నేనొక పక్క. జుట్టు రాలుటలు పద్దెనిమిదీ అయ్యాక మాలకొండమ్మ లోపలికి వచ్చింది. ఉతికి ఇస్త్రీ చేసిన చుడీదార్, చేతిలో తేట నీళ్లున్న చిన్న సీసా.

విశ్వంభరంగారు పుస్తకం తెరవలేదు. తన ముందున్న ఫారం చూశారు. “వర్తమాన ఆదరణ అనే గడి ఖాళీగా ఉంది. ప్రస్తుతం ఎంతమందికి వ్యాధి ఉంది?”

“ఎవురికీ లేదు సార్” అంది. మొహమంతా నవ్వే.

“సున్నానా?”

“సున్నా సార్.”

ఆయన కళ్లజోడు తీసి బల్లమీద పెట్టారు. “ఇది విచారకరం. మార్చిలో యాభై ఉన్న అంశం మేకి సున్నాకు పడిపోయింది. కారణం?”

“పైపు బాగుచేయించాం సార్.”

“ఎవరి అనుమతితో?”

ఆమె నావైపు చూసింది. నేను ఫ్యాను వైపు చూశాను.

“అమ్మాయీ, ప్రజాదరణ పొందిన అంశాల మీదే పరిశోధన అని ఉత్తర్వు. నేటి తేదీకి మీ అంశానికి ప్రజాదరణ లేదు. ఇవాళ జుట్టు రాలుట వాళ్లు వచ్చారు. మొదలుపెట్టినప్పుడు రెండు వందల పన్నెండు, ఇప్పుడు మూడు వందల నలభై. పరిశోధన జరిగేకొద్దీ అంశం వృద్ధిలోకి వచ్చింది. మీరేం చేశారు? అంశాన్ని నమ్మకంగా మీ చేతుల్లో పెడితే నిర్మూలించారు.”

“రోగం పోగొట్టాలనే గదా సార్ చేసింది?”

“అది చికిత్స. ఇక్కడ మేం మార్కులు వేసేది పరిశోధనకు.” గొంతు కాస్త మెత్తబరిచారు. “మీ భవిష్యత్తు దృష్ట్యా ఒక వెసులుబాటు ఉంది. ఆగస్టులో అనుబంధ పరీక్ష పెడతాం. ఈలోగా అంశాన్ని పూర్వస్థితికి తీసుకురాగలిగితే పునఃపరిశీలిస్తాం.”

ఆమెకు వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యేసరికి మొహంలో నవ్వు పోయింది.

“అంటే ఆ పైపు మళ్లా ఊడదియ్యమంటారా సార్?”

“అది నేను చెప్పకూడదు. పరిశోధనా పద్ధతి పూర్తిగా విద్యార్థి ఇష్టం.”

నేను మాట్లాడాల్సింది అప్పుడే. ఈ పిల్ల చేసిందే సైన్స్ అని, మిగతా పద్దెనిమిదీ చెత్త అని నాకు తెలుసు. లోపల ఉడికిపోతున్నాను. రిటైర్మెంటుకు ఇంకా నాలుగేళ్లుంది, పై ఆఫీసు మనిషి ఎదురుగా ఉన్నాడు. పెన్ను మూత తీస్తూ, పెడుతూ కూర్చున్నాను.

“వద్దు సార్” అంది మాలకొండమ్మ. “నన్ను ఫెయిల్ చెయ్యండి. పైపు జోలికి మాత్రం పోబాకండి.”

విశ్వంభరంగారు నిట్టూర్చి మార్కుల కాగితం ముందుకు లాక్కున్నారు. ఎండ మండిపోతోంది. మస్తాన్ ట్రేలో మూడు గ్లాసుల నీళ్లు తెచ్చి పెట్టాడు. ఆయన ఒక గ్లాసు అందుకుని, పెదవుల దాకా తీసుకెళ్లి ఆగారు.

“ఈ నీళ్లు ఎక్కడివి?”

“హాస్టల్ టాంకువే సార్” అన్నాడు మస్తాన్.

గ్లాసు కిందికి దిగింది. ఆయన పరాంకుశంగారి కళ్లలోకి చూశారు, నావైపు చూశారు. ఆ తర్వాత మాలకొండమ్మ వైపు తిరిగారు. మొదటిసారి ఆయన గొంతులో అధ్యక్షుడు కాకుండా మామూలు మనిషి పలికాడు.

“అమ్మాయ్, ఇవి తాగొచ్చంటావా?”

“తాగొచ్చు సార్. మొన్న సీసాలో పోసి పెట్టా. ఇదిగో, ఇయ్యాల్టికీ తేటగానే ఉండయి.”

“ఖాయంగా చెప్పగలవా?”

“ఖాయంగా సార్. తాగండి.”

ఆయన గ్లాసెత్తి గటగటా తాగేశారు. ఇంకో గ్లాసు తెప్పించుకుని అదీ తాగారు. జేబురుమాలుతో మూతి తుడుచుకుని, కాగితం మీద ‘అంశము నిలబడలేదు, అనుత్తీర్ణత’ అని గుండ్రటి అక్షరాలతో రాసి సంతకం పెట్టారు. పరాంకుశంగారు తన గ్లాసు తాగి, దాని కింద సంతకం చేశారు. కాగితం నా దగ్గరికి వచ్చింది. మాలకొండమ్మ ఇంకా అక్కడే నిలబడి ఉంది. మూడో గ్లాసు నా ముందే ఉంది.

నేనూ తాగాను. సంతకం పెట్టాను.